నాన్నగారి అంబాసిడర్‌కు ఏ ఇంజన్ పెట్టించాలి?

ప్రశ్న: మాది విజయవాడ. వయసు 43, ప్రైవేటు ఉద్యోగం, నెలకు 82,000 రూపాయలు చేతికి వస్తాయి. నాన్నగారు 1978లో కొన్న అంబాసిడర్ మార్క్ 3 పెట్రోల్ కారు మా ఇంట్లో ఉంది. ఆయన రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, 2028 వరకు చెల్లుతుంది. ఇంజన్ నీలం పొగ వదులుతోంది, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేసరికి నీరసపడిపోతోంది. ఆటోనగర్‌లో మెకానిక్ వేరే బండి ఇంజన్ పెట్టించమని మూడు దారులు చెప్పారు. పాత కాంటెస్సా నుంచి దించిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్ గేర్‌బాక్సుతో కలిపి 90,000, క్వాలిస్ డీజిల్ ఇంజన్ 70,000, జపాన్ నుంచి వచ్చిన పాత ఇంజన్ 1.6 లక్షలు. నా దగ్గర 1.5 లక్షలు ఉన్నాయి. ఇంకో 2 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఆదివారాలు అమ్మను తెనాలి దగ్గర మా ఊరికి ఈ కారులో తీసుకెళ్లాలన్నది నా కోరిక. ఏ ఇంజన్ లాభం?

జవాబు: ఈ మూడింటిలో ఏది చవక అని లెక్క వేసే ముందు, వీటిలో దేన్నయినా మీ బండికి చట్టప్రకారం అమర్చుకోవచ్చా అన్నది తేల్చుకోవాలి. అనుమతి లేని ఇంజన్ ఎంత తక్కువకు దొరికినా, 2028లో ఆర్‌సీ పునరుద్ధరణకు బండిని తీసుకెళ్లిన రోజున ఆర్‌సీలోని ఇంజన్ నంబరుకూ, బండిలో ఉన్న నంబరుకూ పొంతన లేదని తేలితే, అంతవరకు పెట్టిన డబ్బంతా ఇంటి ముందు కదలకుండా నిలబడిపోతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే స్పష్టం చేసింది. సీఎన్‌జీకో, బ్యాటరీకో ఆమోదం పొందిన కిట్ ద్వారా మారడానికి వెసులుబాటు ఉంది గానీ, క్వాలిస్ నుంచి దించిన డీజిల్ ఇంజన్ ఆ కోవలోకి రాదు. పాడైపోయిన ఇంజన్ స్థానంలో అదే తయారీ, అదే రకం ఇంజన్ పెట్టుకోవడానికి మాత్రం రవాణా శాఖ ముందస్తు అనుమతి కోరవచ్చు. పని పూర్తయ్యాక 14 రోజుల్లోగా తెలియజేసి కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఇవేమీ లేకుండా మార్పు చేస్తే 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. నన్నడిగితే, జరిమానా కంటే బీమాతో వచ్చే నష్టమే పెద్దది. బీమా సంస్థకు చెప్పకుండా ఇంజన్ మార్చిన బండికి ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది; ఎదుటివారికి గాయాలైన సందర్భంలో సంస్థ పరిహారం చెల్లించినా, తర్వాత ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే పరిస్థితి రావచ్చు.

ఇక మూడు ఇంజన్ల సంగతి. యాంత్రికంగా చూస్తే కాంటెస్సా ఇంజనే అన్నిటికంటే అనువైనది, ఎందుకంటే 1990లలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థే ఇదే కుటుంబానికి చెందిన ఇసుజు ఇంజన్‌ను అంబాసిడర్‌లో పెట్టి అమ్మింది. అయినా మీకు చెప్పిన 90,000 మొత్తం ఖర్చులో సగమే అనుకోండి. మీ మార్క్ 3లో గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది. ఇసుజుతో వచ్చే అయిదు గేర్ల పెట్టెకు కర్ర నేల మీద ఉంటుంది కనుక ఫ్లోరు కోయాలి. ఇంజన్ మౌంటింగులు కొత్తగా చేయించాలి, ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయించాలి, రేడియేటరు, సైలెన్సరు పైపు, క్లచ్ అమరిక మార్చాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న బండికి బలం పెంచుతున్నప్పుడు బ్రేకుల పని కూడా చేయించడం తప్పనిసరి, ఇందులో పొదుపు చూడవద్దు. పైగా మీ ఆర్‌సీలో 1489 సీసీ అని ఉంటుంది, 1.8 లీటర్ల ఇంజన్‌ను 'అదే రకం' అని అధికారి ఒప్పుకుంటారన్న భరోసా లేదు. మీ ఆర్టీఏ కార్యాలయం రాతపూర్వకంగా అనుమతిస్తే దీన్ని ఆలోచించవచ్చు, అంతవరకు అడ్వాన్సు ఇవ్వకండి.

క్వాలిస్ ఇంజన్‌ను నేను పూర్తిగా వద్దంటాను. ఇంధనం మారుతుంది, బరువు పెరిగి ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్ల మీద భారం పడుతుంది, అనుమతి దొరికే మార్గం కనిపించదు. నెలకు నాలుగు ఆదివారాలు నడిపే కారుకు డీజిల్ ఆదాతో ఇంజన్ ఖర్చు ఎన్నేళ్లకు తీరుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. జపాన్ ఇంజన్‌కు కంప్యూటరు, వైరింగు, సెన్సర్లు, ట్యాంకులో ఇంధన పంపు అన్నీ వెంట రావాలి. అవి చెడితే అమర్చిన ఆ ఒక్క మెకానిక్ తప్ప వేరే దిక్కుండదు.

మీ మెకానిక్ చెప్పని రెండు దారులు ఉన్నాయి, నా ఓటు వాటికే. మొదటిది, ఉన్న ఇంజన్‌నే బాగుచేయించడం. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థం. పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ), వాల్వు గైడ్లు అరిగి ఉండవచ్చు. ఇంజన్ దించక ముందే, వేడిగా ఉన్నప్పుడు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) పరీక్ష చేయించి ఆ అంకెలను కాగితం మీద రాయించుకోండి. బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) పగిలి ఉండకపోతే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించడం, క్రాంకు గ్రైండింగ్, హెడ్డు పని ఆటోనగర్‌లో కొత్త విద్యలేమీ కావు. ఇంజన్ నంబరు మారదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండవది, బ్లాకే పనికిరాదని తేలితే మరో అంబాసిడర్ నుంచి అదే 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ తెచ్చుకోవడం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హిందుస్థాన్ మోటార్స్ డీజిల్ ఇంజన్ కూడా అదే 1489 సీసీ, కాబట్టి సీసీ మాట నమ్మి ఊరుకోకుండా ఇంజన్‌ను కళ్లతో చూసి తీసుకోండి. వీలైతే బండిలో ఉండగానే స్టార్ట్ చేయించి వినండి. ఆయిల్ మూత తీసినప్పుడు లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో అనుమానించాలి. దానితో పాటు ఆ బండి ఆర్‌సీ నకలు, అమ్మినవారి గుర్తింపు కార్డు, ఇంజన్ నంబరు రాసిన బిల్లు తప్పకుండా తీసుకోండి. బ్లాకు మీద నంబరు దగ్గర గీసిన గుర్తులు, కొత్తగా కొట్టిన అంకెలు ఉంటే ధర సగానికి తగ్గించినా వద్దనండి. దొంగ బండి వివరాలు చూసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) నడిపే వాహన్ సమన్వయ్ సేవ ఉంది, అందులో వెతికించండి.

మీరు అడగలేదు గానీ, నంబరు మారని ఇంజన్‌కు మరో విలువ ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసీలోనూ బాడీలోనూ ఇంజన్‌లోనూ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. మీ బండికి 2028లో ఆ అర్హత వస్తుంది. అయితే వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు, కనుక అమ్మను ఊరికి తీసుకెళ్లాలన్న మీ కోరికకు అది సరిపోదు. మామూలు పునరుద్ధరణే చేయించుకోండి. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఆ రుసుమును 10,000కు పెంచారు. కానీ రేపు మీరో, మీ పిల్లలో అమ్మాలనుకున్నా, దాచుకోవాలనుకున్నా, అసలు ఇంజన్ ఉన్న బండికే సేకరణకర్తల దగ్గర గిరాకీ. అందువల్ల ఏ దారి పట్టినా నాన్నగారి బ్లాకును తుక్కు కింద ఇవ్వకండి, ఆయిల్ పూసి గుడ్డ చుట్టి ఇంట్లోనే ఉంచండి.

స్పానర్ పట్టే ముందు ఆర్‌సీని మీ పేరు మీదకు మార్పించండి. యజమాని మరణించిన మూడు నెలల్లో ఫారం 31 ద్వారా చేయాల్సిన పని ఇది. ఆలస్యానికి అదనపు రుసుము పడవచ్చు, మిగతా వారసుల సమ్మతి పత్రాలు అడగవచ్చు. బీమా పాలసీని కూడా మీ పేరుకు మార్చుకోవాలి. ఆర్‌సీ మీ పేరు మీదకు మారకుండా అనుమతి దరఖాస్తు పెట్టే అర్హతే మీకు ఉండదు.

అప్పు విషయంలో నా మాట కచ్చితంగా వద్దనే. 14 శాతానికి 2 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 6,836 రూపాయల చొప్పున మొత్తం 2.46 లక్షలు కడతారు; అంటే వడ్డీకే 46,000 పోతుంది, ఇది ఒక మంచి ఇంజన్ పనిలో పెద్ద భాగానికి సరిపోయే సొమ్ము. ఈ కారు మీద మీకున్న మమకారాన్ని నేను గౌరవిస్తాను, దాని మీద ఖర్చు పెట్టడం తప్పని అనను, కానీ ఇది పెట్టుబడి కాదు కాబట్టి చేతిలో ఉన్న డబ్బుతోనే జరగాలి. ఆ 1.5 లక్షలు మీ అత్యవసర నిధిలోవి కాకపోతే, ఇంజన్ పనికి 1.1 లక్షలు హద్దుగా పెట్టుకుని మిగతా 40,000 ఇంజన్ దించాక బయటపడే అరుగుదలకు, బ్రేకులకు ఉంచండి. సరిపోకపోతే నెలకు 7,000 చొప్పున ఆరు నెలలు దాచి, ఆ తర్వాతే ఇంజన్ దించండి. మెకానిక్‌కు డబ్బు మూడు విడతల్లో ఇవ్వండి: ఇంజన్ విప్పి అరుగుదల కొలతలు చూపించినప్పుడు ఒకటి, బోరు పని అయ్యి విడిభాగాల బిల్లులు చేతికి వచ్చాక రెండవది, బండిని మీరే తెనాలి దాకా నడిపి వచ్చి ఆయిల్ మట్టం చూసుకున్న తర్వాత చివరిది.