పైథాన్‌తోనే మొదలుపెట్టండి, ఒక్క కూడిక మాత్రం యంత్ర భాషలో చేసి చూడండి

శ్రీకాకుళంలో డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నానని, ప్రోగ్రామింగ్ భాషల్లో దిగువ స్థాయి, ఎగువ స్థాయి అంటే ఏమిటని, దిగువది ముందు నేర్వకపోతే పునాది ఉండదన్న మాట నిజమేనా అని అడిగారు. ఆ మాటకు భయపడకండి. ఇక్కడ స్థాయి అంటే గొప్ప, తక్కువ కాదు. యంత్రానికి ఎంత దగ్గర, మనిషికి ఎంత దగ్గర అన్న లెక్క.

నేను విజయనగరంలో డిప్లొమా చదివేటప్పుడు ల్యాబులో 8085 కిట్ ఉండేది. 1976లో ఇంటెల్ తెచ్చిన ప్రాసెసర్ అది. చిన్న కీప్యాడ్, ఎర్రగా వెలిగే అంకెలు, అంతే. 5, 3 కూడి జవాబును మెమరీలో 2050 అనే చిరునామాలో పెట్టాలి. కూడమని చెప్పడానికి 80 కొట్టాలి. పదహారు ఆధారంగా రాసే ఆ 80 యంత్రం లోపల 10000000. ఇదే యంత్ర భాష. దాన్నే నోట్సులో 'యాడ్ బీ' అని రాసుకునేవాళ్లం. బీ అంటే ప్రాసెసర్ లోపల ఒక అంకెను ఉంచే చిన్న గది. అది అసెంబ్లీ భాష. అంకెకు బదులు గుర్తుండే పేరు, అంతకుమించి తేడా లేదు. ఈ రెండూ దిగువ స్థాయి భాషలే. జవాబును దాచడానికి 32 కొట్టి, ఆపైన 20 50 కొట్టాను. 2050లో చూస్తే 08 లేదు. గంటసేపు వెతికాక తెలిసింది: 8085లో చిరునామా రెండో సగాన్ని ముందు ఇవ్వాలి, 50 20 అని. మార్చగానే 08 కనిపించింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అదే కూడికకు ఎగువ స్థాయి భాష అయిన పైథాన్‌లో ఒక్క వరుస చాలు. జవాబు ఎక్కడ ఉంటుందో మీరు పట్టించుకోనక్కర లేదు. పైగా 8085 కోసం రాసిన అంకెలు మీ ఫోనులోని ప్రాసెసర్‌కు అర్థం కావు. పైథాన్ ప్రోగ్రాం సాధారణంగా ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. ఎగువ స్థాయి భాషల అసలు లాభం ఇదే. 1957లో ఐబీఎం నుంచి వచ్చిన ఫోర్‌ట్రాన్ భాష ఈ దారిలో తొలి పెద్ద అడుగు.

మరి ఆ వరుస యంత్రానికి ఎలా చేరుతుంది? ఇచ్ఛాపురం వైపు ఒడియా, తెలుగు రెండూ వచ్చినవారు బేరం దగ్గర పక్కన నిలబడి మాట మాటకూ తిప్పి చెబుతారు. ఆ దుబాసీ పని చేసేది ఇంటర్‌ప్రెటర్. దస్తావేజు మొత్తాన్ని ముందే అనువదించి చేతికిచ్చినట్లు పనిచేసేది కంపైలర్. సీ భాషకు వాడేది కంపైలరే. పైథాన్ ముందు ఒక మధ్యంతర రూపంలోకి మారి, ఆ తర్వాత దుబాసీ పద్ధతిలో నడుస్తుంది.

1972 ప్రాంతంలో డెనిస్ రిచీ రూపొందించిన సీని కొందరు మధ్యస్థాయి అంటారు. నా దృష్టిలో అది ఎగువదే, కాకపోతే మెమరీ చిరునామాలను నేరుగా మీ చేతికిస్తుంది. ఆ చిరునామాలను పట్టుకునే పాయింటర్ల పాఠం దగ్గర తోటివాళ్లు చాలా కష్టపడ్డారు. నాకు 2050 గుర్తొచ్చి, ఆ పాఠం సులువుగా అర్థమైంది.

అందుకే, పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు వచ్చాక మీ ల్యాబులో 8085 కిట్ ఉందేమో అడగండి. లేకపోతే కంప్యూటర్‌లోనే ఆ కిట్‌లా పనిచేసే సిమ్యులేటర్ చాలు. చిరునామాను మాత్రం తిరగేసి కొట్టండి.