ఎదురుగా ఉన్నా దొరకదంటాడు, నాటకమా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. మావాడికి ఎనిమిదేళ్ళు, ఏడో నెలకే పుట్టాడు. అద్దాలున్నాయి, డాక్టర్ దగ్గర చార్టు ఒక మాదిరిగా చదువుతాడు. కానీ బొమ్మల బుట్టలో ఎర్ర కారు పైనే ఉన్నా లేదంటాడు, అదే కారు ఒట్టి నేల మీద ఉంటే గుమ్మం దగ్గర్నుంచే పట్టేస్తాడు. మొన్న గోవిందరాజస్వామి గుడి దగ్గర జనంలో నేను నాలుగడుగుల్లోనే ఉన్నా కనుక్కోలేక ఒకటే ఏడుపు. మా అత్తమ్మేమో చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది వీడి యవ్వారం, అంతా నాటకం అంటాది. నిజమేనా?

జవాబు: నాటకం కాదమ్మా. చూడ్డం వేరు, వెతకడం వేరు. వెతకాలంటే చుట్టూ ఉన్నవన్నీ వదిలేసి కావాల్సింది ఒక్కటే ఏరుకోవాలి, అది కంటితో పాటు మెదడు పని కూడా. 1980లో ట్రీస్‌మన్, గెలాడ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చెప్పిందిదే, నీలం కార్ల మధ్య ఒక్క ఎర్ర కారుంటే రంగుతోనే టక్కున తెలిసిపోతుంది, కానీ ఎర్ర బస్సులు, నీలం కార్లు కలిసున్న చోట ఎర్ర కారు కావాలంటే రంగూ ఆకారం రెండూ చూసుకోవాలి, సామాన్లు పెరిగేకొద్దీ మనకే లేటవుతుంది. చూపు తక్కువున్న పిల్లలకు ఇంకా లేటు. వస్తువులు ఇరుగ్గా ఉంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టుంటాయి, దీన్ని క్రౌడింగ్ అంటారు. టైమిస్తే చాలామంది కనుక్కుంటారు, ఆగలేనిది మనమే.

నెలలు నిండకుండా పుట్టాడన్నారు కదా, అలాంటి పిల్లల్లో కొందరికి సీవీఐ ఉంటుంది, అంటే మెదడులో చూపుకి సంబంధించిన భాగాలు దెబ్బతినడం. కంటి పరీక్షలో అంతా బాగానే ఉండొచ్చు, అద్దాలు మార్చినా ఈ ఇబ్బంది పోదు, జనం గోల ఎక్కువైనా అలసిపోయినా ఇంకా కష్టం. మీవాడికి ఉందని నేను చెప్పలేను, పిల్లల కంటి డాక్టర్ దగ్గర ఈ పేరు చెప్పి అడగండి, మీ ఊర్లోనే అరవింద్ ఆసుపత్రి ఉంది కదా.

ఈలోపు బుట్ట తీసేసి బొమ్మలు విడివిడి డబ్బాల్లో పెట్టండి. చదివేటప్పుడు అట్టముక్కలో ఒక్క లైను పట్టేంత కిటికీ కోసి పేజీ మీద పెట్టండి, మిగతాదంతా మూసుకుపోతుంది. గుడికి పోయేటప్పుడు మీరు నిండు పసుపు చీర కట్టుకోండి, అదీ వాడికి ముందే చూపించి.

ఇంకోటి, డిజైన్ లేని దుప్పటి పరిచి దాని మీద 3 బొమ్మలు, తర్వాత 6, తర్వాత 12 పెట్టి ఎర్ర కారు వెతకమనండి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుని డాక్టర్‌కి చూపించండి. గడియారం మాత్రం మీ అత్తమ్మ చేతికే ఇవ్వండి.