వీల్‌చైర్‌తో థీమ్ పార్క్‌కి: గేటు దగ్గర హక్కు, రైడ్ దగ్గర కారణం

ప్రశ్న: వేసవి సెలవుల్లో మూడు రోజులు థీమ్ పార్క్‌కి వెళ్లాలనుకుంటున్నాం. నేను, మావారు, పదహారేళ్ల అబ్బాయి, పద్నాలుగేళ్ల అమ్మాయి, మా అత్తగారు. అత్తగారికి 67 ఏళ్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం అని ఉంది. చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు, దూరమైతే వీల్‌చైరే. పార్క్‌కి ఫోన్ చేస్తే ‘వీల్‌చైర్ వాళ్లకి రైడ్లు ఉండవు, టికెట్ మాత్రం ఫుల్లే, కొన్నాక డబ్బు వాపసు ఇవ్వం’ అన్నారు. ఆమెకు తోడుగా ఒకరు తప్పకుండా ఉండాలట, వాళ్లకీ టికెట్ తీయాలట. పిల్లలు గేటు దగ్గర ‘ఏం జరిగినా పార్క్‌కి సంబంధం లేదు’ అనే ఫారం మీద సంతకం పెట్టాలట. ఇవన్నీ చెల్లుతాయా? ఆవిడను అంత దూరం తీసుకెళ్లి పదిమందిలో చిన్నబుచ్చుతామేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందు ‘వీల్‌చైర్ వాళ్లకి రైడ్లు ఉండవు’ అన్న మాట సంగతి తేల్చుకుందాం. టికెట్, వాపసు, తోడు, అన్నీ దాని వెనకే వస్తాయి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో ‘పబ్లిక్ బిల్డింగ్’ అంటే ప్రభుత్వ భవనమే కానక్కర్లేదు. జనం వినోదానికి, కాలక్షేపానికి వచ్చే ప్రైవేటు కట్టడాలూ ఆ నిర్వచనంలో ఉన్నాయి. కాబట్టి ‘మాది ప్రైవేటు స్థలం, మా రూల్స్ మావి’ అనే వాదన పార్క్‌కి పనికిరాదు. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని సెక్షన్ 3 చెబుతుంది. అవసరమైన చిన్న చిన్న సర్దుబాట్లు చేయడానికి నిరాకరించడాన్ని కూడా ఈ చట్టం వివక్షగానే లెక్కిస్తుంది. క్యూలో మెట్లుంటే పక్క దారి గుండా పంపడం, ఎక్కేటప్పుడు రైడ్‌ని ఒక నిమిషం ఎక్కువ ఆపడం, కుర్చీని ఎక్కే చోట నుంచి దిగే చోటికి చేర్చడం అలాంటి సర్దుబాట్లే.

అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. న్యాయమైన ఉద్దేశం కోసం, దానికి తగిన మోతాదులోనే పెట్టిన ఆంక్ష అని చూపించగలిగితే అది వివక్ష కాదు. రైడ్ భద్రత అలాంటి ఉద్దేశమే. కానీ ఏ రైడ్‌కి ఏ కారణమో చెప్పాలి. వీల్‌చైర్ చూడగానే అన్ని రైడ్లకూ కలిపి ఒకే ‘నో’ చెబితే అది తగిన మోతాదు అనిపించుకోదు.

సరైన కారణాలు ఎలా ఉంటాయో మీకూ తెలిసి ఉంటే మంచిది. రోలర్ కోస్టర్ మధ్యలో ఆగిపోతే ఎత్తు మీద నుంచి ఇరుకు మెట్ల మీదుగా నడిచి దిగాలి. నడవలేనివారిని అక్కడి నుంచి దించే ఏర్పాటు లేకపోతే ఎక్కించకపోవడం సబబే. కొన్ని రైడ్లలో మనిషిని సీట్లో నిలిపేది తొడల మీద పడే కడ్డీ ఒక్కటే. ఒక తొడ బాగా సన్నబడితే ఆ కడ్డీకి, ఒంటికి మధ్య ఖాళీ మిగులుతుంది, మలుపులో మనిషి జారవచ్చు. మెడ నిలబెట్టుకోలేకపోవడం, రెండు చేతులతో గట్టిగా పట్టుకోలేకపోవడం కూడా తీసిపారేసే అభ్యంతరాలు కావు. ‘మా ఇన్సూరెన్స్ ఒప్పుకోదు’, ‘స్టాఫ్ లేరు’, ‘క్యూ ఆలస్యమవుతుంది’, ‘మిగతా కస్టమర్లకి ఇబ్బంది’ అన్నవి మాత్రం కాగితం చూపకుండా చెప్పే సాకులు.

మీ అత్తగారి విషయంలో నేనైతే కోస్టర్ కోసం పోట్లాడమనను. ఎడమ కాలి పరిస్థితిని బట్టి ఆ నిరాకరణ నిలిచే అవకాశమే ఎక్కువ. టాయ్ ట్రైన్, నెమ్మదిగా సాగే పడవ, కూర్చుని చూసే షోలు, బెంచీ ఉన్న రంగులరాట్నం లాంటి వాటికి కూడా కాదన్నారంటే అక్కడ గట్టిగా నిలబడండి. చేయి పట్టుకుని నాలుగడుగులు వేయగలరు కాబట్టి కుర్చీలోంచి సీట్లోకి మారడం ఆమెకు అసాధ్యం కాదు. ఆ సంగతి వాళ్లకు మీరే ముందుగా రాసి చెప్పాలి.

రాయడం అన్నాను కదా, అసలు పనంతా అక్కడే ఉంది. ఫోన్‌లో అన్న మాటకు రుజువు ఉండదు, రేపు కౌంటర్‌లో వేరే మనిషి కూర్చుంటాడు. ఈ చట్టం కింద 2017లో వచ్చిన నియమాల్లో 3వ నియమం ప్రకారం, ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థకు వివక్ష గురించి ఫిర్యాదు అందితే, సంస్థ అధిపతి రెండింట్లో ఒకటి చేయాలి: చట్టప్రకారం చర్య తీసుకోవాలి, లేదా ఆ ఆంక్ష ఎందుకు న్యాయమైనదో రాతపూర్వకంగా చెప్పాలి. చాలామంది ఈ నియమాన్ని వాడుకోరు, సరాసరి కోర్టు గురించి అడుగుతారు.

కాబట్టి డబ్బు కట్టకముందే, కనీసం పదిహేను రోజుల వ్యవధి ఉంచుకుని, పార్క్ కస్టమర్ మెయిల్‌కీ మేనేజర్‌కీ ఇలా రాయండి: ‘మా కుటుంబ సభ్యురాలికి 67 ఏళ్లు, పోలియో వల్ల ఎడమ కాలికి 60 శాతం వైకల్యం. వీల్‌చైర్ వాడతారు. ఒకరి చేయి ఆసరాతో నిలబడి, నాలుగడుగులు వేసి సీట్లోకి మారగలరు. రెండు చేతులు, మెడ, నడుము బలంగా ఉన్నాయి. ఫలానా తేదీల్లో వస్తున్నాం. మీ పార్క్‌లో ఆమె ఎక్కగల రైడ్లు ఏవి, ఎక్కలేనివి ఏవి, ఒక్కోదానికి కారణమేమిటి. ఎక్కే చోట మెట్లు ఎన్ని, సీటు నేల నుంచి ఎంత ఎత్తు. రైడ్ మధ్యలో ఆగితే ఎలా దించుతారు. సొంత వీల్‌చైర్ లోపలికి తేవచ్చా. టాయిలెట్ తలుపు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు? దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 3, నియమం 3 కింద రాతపూర్వక జవాబు కోరుతున్నాం.’ నడుము బలంగా లేకపోతే ఆ మాట రాయకండి. ఉన్నదే రాయండి, లేనిది రాస్తే రేపు అది మీ మీదికే వస్తుంది. వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్‌ని మళ్లీ పంపండి. రెండుసార్లు అడిగినా మాట్లాడలేదన్నది కూడా కేసులో సాక్ష్యమే.

తలుపు వెడల్పు ఎందుకంటే, ‘వీల్‌చైర్ ఫ్రెండ్లీ’ అన్న బోర్డు ఉన్నచోట కూడా కుర్చీ టాయిలెట్ గుమ్మంలో ఇరుక్కుంటుంది. మీ కుర్చీని చేతులు పెట్టుకునే చోట, చక్రాల రిమ్ముల దగ్గర టేపుతో కొలిచి, అందులో పెద్ద అంకె గుర్తుంచుకోండి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది లెక్క. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకి 1.8 మీటర్ల ర్యాంపు కావాలి. మెట్టు మీద వాల్చిన చిన్న పలకను ర్యాంపు అంటే నమ్మకండి. హోటల్ గది బుక్ చేసేటప్పుడు కూడా ఇవే కొలతలు మెయిల్‌లో అడగండి, బాత్‌రూమ్ ఫొటో పంపమనండి.

ఇక టికెట్. దివ్యాంగులకు పార్క్ టికెట్‌లో రాయితీ ఇచ్చి తీరాలని ఈ చట్టంలో లేదు. ఇస్తే అది వాళ్ల పాలసీ. కాకపోతే అన్ని రైడ్ల ధర తీసుకుని ఏ రైడూ ఎక్కనివ్వకపోతే అది వినియోగదారుల చట్టం కింద సేవాలోపం అవుతుంది. రైడ్లు లేని ప్రవేశ టికెట్ ఉందేమో అదే మెయిల్‌లో అడగండి. తోడు మనిషి సంగతి వేరు. సర్దుబాటుకయ్యే ఖర్చును దివ్యాంగుల మీద వేయకూడదని 3వ నియమంలోనే ఉంది. తోడు ఉండాలని షరతు పెట్టింది పార్కే, ఆ మనిషి రైడ్లు ఎక్కకుండా కుర్చీ తోయడానికే వస్తే, ఆ టికెట్ ధర ఈ నియమానికి విరుద్ధమని బలంగా వాదించవచ్చు. మీలో ఆమెకు తోడుండేవాళ్లు ఎటూ రైడ్లు కూడా ఎక్కుతారు కాబట్టి ఆ వాదన మీకు పూర్తిగా అతకదు. దీని మీద సమయం వృథా చేసుకోవద్దు.

‘డబ్బు వాపసు లేదు’ అన్న షరతు మీరు మనసు మార్చుకున్నప్పుడు చాలావరకు చెల్లుతుంది. వాళ్లు ఒప్పుకున్న సేవ ఇవ్వనప్పుడు చెల్లదు. లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయ వ్యాపార పద్ధతి అంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే 2020 ఈ-కామర్స్ నియమాలు కూడా వర్తిస్తాయి. అమ్మిన సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన ఇన్సూరెన్సో విరాళమో కనిపిస్తే తీసేసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. అలా మన సమ్మతిని లాక్కోవడం కూడా నిషిద్ధమే.

పిల్లల సంతకం మాట వింటే నవ్వొస్తుంది. పద్దెనిమిది నిండనివారు చేసే ఒప్పందం చెల్లదని 1903లోనే, అప్పట్లో మనకు అత్యున్నత కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చేసింది. మీ అబ్బాయి పది ఫారాల మీద సంతకం పెట్టినా పార్క్‌కి ఒరిగేదేమీ లేదు. మీరు తల్లిదండ్రులుగా పెట్టే సంతకానికి కొంత విలువ ఉంది. రైడ్‌లో సహజంగా ఉండే కుదుపు, భయం, తల తిరగడం తెలిసే ఎక్కించారని అది చెబుతుంది. బోల్టు వదులుగా ఉన్నా, ఆపరేటర్ బెల్టు సరిచూడకపోయినా మాత్రం ఆ కాగితం వాళ్లను కాపాడదు. 2019లో ఒక హోటల్ పార్కింగ్ కేసులో ‘వాహన యజమాని బాధ్యతపైనే’ అని రాసి ఉన్నా హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాల దగ్గర ఆ సూత్రం ఇంకా గట్టిగా వర్తించాలి. ఫారం మీద సంతకం పెట్టక తప్పకపోతే పెట్టండి, ముందు ఫొటో తీసుకోండి.

మీ కేసును నిజంగా పాడుచేసేది వేరే ఉంది. ఎత్తు చాలకపోతే చెప్పుల కింద మరో చెప్పు పెట్టి నిలబెట్టడం, ఫారంలో పిల్ల వయసు పెంచి రాయడం, ఆస్తమానో మూర్ఛో దాచడం. ప్రమాదం జరిగితే పార్క్ లాయర్ మొదట అడిగేది అదే. అప్పుడు పరిహారం తగ్గుతుంది, ఒక్కోసారి మొత్తం పోతుంది.

ఈ వయసు పిల్లలు అమ్మమ్మలు, నాయనమ్మలతో నెమ్మది రైడ్లలో మూడు రోజులు గడపరు, గడపమనడం కూడా తప్పే. వాళ్లిద్దరినీ విడిగా పంపుతారు కాబట్టి, పెద్దలు లేకుండా ఏ వయసు నుంచి అనుమతిస్తారో, ఏ రైడ్‌కి పెద్దలు పక్కన ఉండాలో కూడా మెయిల్‌లో కలపండి. ఇద్దరి దగ్గరా మీ నంబరు, రక్తం గ్రూపు, మందుల అలర్జీలు రాసిన కాగితం ఉంచండి. ఫోన్‌లు లాకర్‌లో పెట్టించే రైడ్లుంటాయి, ఫోన్‌లో రాసుకుంటే అక్కరకు రాదు.

మీ అసలు భయం అవమానం గురించి. 2012లో జీజా ఘోష్ అనే ఆవిడను సెరిబ్రల్ పాల్సీ ఉందని విమానం నుంచి దించేశారు. 2016లో సుప్రీంకోర్టు ఆమెకు పది లక్షల పరిహారం ఇప్పించింది. పదిమంది చూస్తుండగా కించపరచాలనే ఉద్దేశంతో అవమానిస్తే దివ్యాంగుల చట్టం సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. కానీ ఆ ఉద్దేశం రుజువు కావాలి. దురుసుగా మాట్లాడిన ప్రతి మాటా ఆ సెక్షన్ కిందకు రాదు.

ఆ రోజు లోపల ఎక్కడైనా ఆపితే, సిబ్బందితో వాదన పెట్టుకోకుండా డ్యూటీ మేనేజర్‌ని పిలిపించి, మీ మెయిల్ చూపి, కారణం రాసివ్వమనండి. ఇవ్వనంటే అక్కడే నిలబడి అదే మెయిల్ ఐడీకి రైడ్ పేరు, సమయం, మాట్లాడిన మనిషి హోదా, అన్న మాటలు రాసి పంపేయండి. సాయంత్రం హోటల్‌కెళ్లి రాసినదాని కంటే ఆ నిమిషంలో పంపిన మెయిల్‌కి విలువ ఎక్కువ. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), సదరం సర్టిఫికెట్ అసలు కాపీ ఆవిడ బ్యాగులోనే ఉంచండి.

తర్వాత దారులు రెండు. డబ్బు, పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. పార్క్ వేరే రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. టికెట్ మీద ‘ఫలానా ఊరి కోర్టులకే అధికారం’ అని ఉన్నా భయపడక్కర్లేదు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. పార్క్‌నీ, టికెట్ అమ్మిన సైట్‌నీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీదికి ఒకరు తోసుకుంటారు. టికెట్లు మావారి పేరున ఉన్నాయే అనుకోకండి, ఆయన ఆమోదంతో సేవ పొందే అత్తగారూ చట్టం దృష్టిలో వినియోగదారే. రెండోది, పార్క్ పద్ధతి మారాలంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. అక్కడ ఫిర్యాదు 60 రోజుల్లో తేల్చాలని నియమం. చట్టం ఉల్లంఘనకు మొదటిసారి జరిమానా పదివేల వరకే, అదీ మీకు రాదు. అందుకే డబ్బు కోసం అక్కడికి వెళ్లకండి. రెండు చోట్లా ఒకేసారి వెళ్లడానికి అడ్డేమీ లేదు. వినియోగదారుల కమిషన్‌కి గడువు ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు.