తల పోటెత్తితే పడుకోవద్దు

బల్లార్షా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి చేతులతో తొక్కే సైకిలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషించాను, కానీ నాలాగే నీకూ వెన్నుపాము దెబ్బతిన్నది గనుక ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

డాక్టరుకు చూపించుకొని, ఫిజియోథెరపిస్టు ఎదుటే మొదలుపెట్టు. వారానికి రెండు రోజులు, 20 నిమిషాల చొప్పున, కాస్త ఆయాసం వచ్చేలా తొక్కగలిగితే చాలు. అంతవరకూ కూడా మెల్లగానే చేరుకో. భుజాలను కాపాడుకో.

ఇక నా తప్పు చెబుతాను. ఛాతీ వెన్నుపూసల్లో నీకు నాలుగవ దాని దగ్గర, నాకు ఐదవ దాని దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఆరవ పూస దగ్గర గానీ, ఆ పైన గానీ దెబ్బ తగిలినవారికి, కింది శరీరంలో ఏ ఇబ్బంది కలిగినా, అది మనకు తెలియకపోయినా, రక్తపోటు ఒక్కసారిగా ఎగసిపోవచ్చు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ మొదటి వేసవిలో, మన చంద్రపూర్ ఎండలు 45 డిగ్రీలు తాకే రోజుల్లో, వరండాలో కూర్చుని ఇటుకలతో కసరత్తు చేస్తుండగా తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. ముఖం కందిపోయి, మెడ మీద చెమటలు కారాయి. వడదెబ్బేనని అందరూ తేల్చి, నన్ను చాప మీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టారు. నొప్పి ఇంకా పెరిగింది. చివరికి మూత్రపు సంచి ఖాళీగా ఉండడం మీ అత్తయ్య చూసింది. ట్యూబు నా తొడ కింద మడత పడి, మూత్రం సంచిలోకి రాక లోపలే నిలిచిపోయింది. దాన్ని సరిచేసిన కొద్ది నిమిషాలకు తల తేలికపడింది. మెదడులో నరం చిట్లి ఉండేదని తరువాత తెలిసింది గానీ, ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరమూ ఎత్తము.

కనుక కసరత్తుకు ముందు సంచి ఖాళీ చేసుకొని, ట్యూబు తడిమి చూసుకో. తల పోటెత్తితే వెంటనే ఆపి, నిటారుగా కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, బెల్టూ బూట్లూ వదులు చేయించుకో. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ముఖం పాలిపోయి కళ్లు తిరిగితే అది రక్తపోటు పడిపోవడం, అప్పుడు మాత్రమే వెనక్కి వాలాలి. అలాగని వడదెబ్బను తేలికగా తీసుకోకు, దెబ్బ కింది భాగంలో మనకు చెమట సరిగా పట్టదు. తెల్లవారి చల్లదనంలోనే ముగించు.

ఈత రాకుండానే వర్ధా నదిలో దూకిన మొండివాడివి నువ్వు, ఒడ్డున నిలబడి కేకలు వేసినవాణ్ణి నేను. ఇప్పుడు దూకలేను, అందుకే ఇంత రాస్తున్నాను.

మనలాంటివారికి రక్తపోటు పై అంకె మామూలుగానే 90, 110 మధ్య ఉండవచ్చు గనుక, 140 అంటే మనకు ఎగసిపోయినట్టే, కానీ అది చూసి కొత్త డాక్టరు ఫరవాలేదనవచ్చు. వారం రోజులు కొలిచి నీ అంకెలు కాగితం మీద రాసి, సైకిలుకు కట్టి, ఫోటో తీసి నాకు పంపు. అది అందేదాకా పెడలు ముట్టుకోవద్దు.

నీ మామయ్య