పెద్ద హీట్‌సింక్ వేశాక రేడియోలో గోల ఎందుకు పెరిగింది?

మీ ఎస్‌ఎంపీఎస్‌లో (వేగంగా స్విచ్ చేస్తూ నడిచే పవర్ సప్లై) మాస్‌ఫెట్‌కి, అంటే ఆ స్విచింగ్ చేసే ట్రాన్సిస్టర్‌కి, పెద్ద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) వేశాక పక్కనున్న ఏఎం రేడియోలో గోల పెరిగిందన్నారు. మధ్యలో కరెంట్‌ని ఆపే పల్చటి మైకా షీట్ ఉన్నా ఇదెలా అని అడిగారు. నేనూ ఇక్కడే వారం రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. ఫిల్టర్ మార్చాను, ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టాను, లాభం లేదు. చివరికి విసుగొచ్చి, లోడ్ తీసేసి, హీట్‌సింక్ విప్పి నాలుగు సెకన్లు ఆన్ చేస్తే గోల సగానికి పడిపోయింది.

మైకా ఆపేది డీసీని మాత్రమే. టీఓ-220 ప్యాకేజీ (మూడు కాళ్ల మాస్‌ఫెట్ బాడీ) వెనకున్న లోహపు ట్యాబ్ మామూలుగా డ్రెయిన్ అనే కాలికే కలిసి ఉంటుంది. అటు ట్యాబ్, ఇటు అల్యూమినియం, నడుమ 0.1 మిల్లీమీటరు మైకా. అంటే అదో కెపాసిటర్, సుమారు 80 పికోఫారడ్లు. డ్రెయిన్ వోల్టేజీ 50 నానోసెకన్లలో 300 వోల్టులు మారితే ఆ కాసేపూ దాదాపు అర ఆంపియర్ దాన్ని దాటగలదు. హీట్‌సింక్‌ని దేనికీ కలపకపోతే ఆ కరెంట్ చుట్టుపక్కల లోహం మీదుగా, మెయిన్స్ వైరు గుండా దారి వెతుక్కుంటుంది. ఏఎం బ్యాండ్‌లో అసలు యాంటెన్నా ఆ వైరే. 10 సెంటీమీటర్ల హీట్‌సింక్ తానే గట్టిగా ప్రసారం చేయాలంటే ఫ్రీక్వెన్సీ వందల మెగాహెర్ట్జ్‌లో ఉండాలి.

మాస్‌ఫెట్ సోర్స్ అనే కాలు డీసీ నెగటివ్‌కి వెళ్తుంటే హీట్‌సింక్‌ని కూడా అక్కడికే కలపండి. నేను మొదట చేతికందిన సన్నటి పొడుగు వైరు వాడాను, పెద్దగా తేడా రాలేదు. దాని ఇండక్టెన్సే (వేగంగా మారే కరెంట్‌ని అడ్డుకునే గుణం) అడ్డం. వెడల్పాటి పొట్టి రాగి పట్టీ వేశాక కూడా అంతే! హీట్‌సింక్ మీదున్న నల్లటి అనోడైజింగ్ పూత కరెంట్‌ని రానివ్వదని అప్పుడు గుర్తొచ్చింది. స్క్రూ కింద గీకి బిగించాక రేడియో నోరు మూసింది.

ఒక్కటి మాత్రం మరవకండి. అది మెయిన్స్ వైపు నెగటివ్, కాబట్టి హీట్‌సింక్ ఇక షాక్ కొడుతుంది. చెయ్యి తగలకూడదు, బాక్సుకి ఆనకూడదు. ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్ డిస్‌ఛార్జ్ అయిందని మీటరుతో చూశాకే లోపల చెయ్యి పెట్టండి.

హీట్‌సింక్‌ని బాక్సుకే బిగించాల్సి వస్తే మైకా బదులు 1 మిల్లీమీటరు అల్యూమినా (ఒక రకం సిరామిక్) ప్లేటు వేయండి, కెపాసిటెన్స్ 12 పికోఫారడ్ల దరిదాపుకి దిగుతుంది. మాస్‌ఫెట్‌ని ఆన్-ఆఫ్ చేసే గేట్ కాలి దగ్గరి రెసిస్టర్ విలువ పెంచినా, స్విచింగ్ నెమ్మదించి గోల తగ్గుతుంది కానీ స్విచింగ్ వేడి పెరుగుతుంది. ఆ వేడి కోసమే కదా మీరు పెద్ద హీట్‌సింక్ వేసింది!