కుందేలు లేని ల్యాబ్ నడపబోతున్న శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

హైదరాబాద్‌లో మీ సంస్థ కొత్తగా తెరుస్తున్న ఇన్‌విట్రో టాక్సికాలజీ (పదార్థాల హానిని బతికున్న జంతువుల మీద కాకుండా కణాల మీద, కణజాలాల మీద పరీక్షించే) విభాగాన్ని నీ చేతికి అప్పగించారన్న వార్త చదివి చాలా సంతోషించాను. మొదటి ఆరు నెలల్లో ఏ టెస్టులు మొదలుపెట్టాలో, వేటి విషయంలో జాగ్రత్తపడాలో రాయమన్నావు. పరికరాల సంగతి అమ్మేవాళ్లే చెబుతారు. నేను చెప్పవలసింది వేరే ఉంది. జంతువును వాడనంత మాత్రాన టెస్టు నిజం చెప్పినట్టు కాదు. అది చెప్పింది నిజమేనని ప్రతి ప్లేటులోనూ కంట్రోళ్లతో, అంటే జవాబు ముందే తెలిసిన పోలిక నమూనాలతో, మనమే రుజువు చేసుకోవాలి.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కంటికి హాని చేసే పదార్థమేదో తెలియాలంటే కుందేలే దిక్కు. 1944లో అమెరికాలో జాన్ డ్రైజ్ బృందం ప్రచురించిన పద్ధతిలో ఒక కంట్లో 0.1 మిల్లీలీటరు వేసి, రెండో కంటిని పోలికకు వదిలి, ఎరుపుకూ వాపుకూ మసకకూ అంకెలు వేసేవాళ్లం. గాయం మానుతుందో లేదో తేల్చడానికి కొన్నిసార్లు 21 రోజులు కాచుకునేవాళ్లం. అంకె వేసే మనిషి మారితే అంకే మారేది. 1971లో వైల్, స్కాలా అనే శాస్త్రజ్ఞులు ఒకే పదార్థాలను ఇరవైకి పైగా ల్యాబుల్లో పరీక్ష చేయించి పోల్చినప్పుడు ఫలితాలు ల్యాబుకూ ల్యాబుకూ పొంతన లేకుండా వచ్చాయి. అందుకే ‘జంతువు మీద చూస్తే గాని ఖాయం కాదు’ అని ఎవరైనా అన్నప్పుడు వెంటనే తలూపకు. అలాగని కొత్త పద్ధతులకు ఆ జబ్బు అంటదనీ అనుకోకు.

శాంపిల్ వచ్చిన రోజే ప్లేటు తీయవద్దు. ముందు ఆ పదార్థం గురించీ, దానిని పోలిన పదార్థాల గురించీ ఉన్న పాత సమాచారమంతా చదువు. తరువాత పీహెచ్ చూడు. అది 2 కన్నా తక్కువగానో 11.5 కన్నా ఎక్కువగానో ఉండి, బఫర్ బలం (పీహెచ్‌ను సులువుగా మారనివ్వని గుణం) కూడా తోడైతే, చర్మాన్ని తినేసే పదార్థమనే అనుకుని నడవాలి. పది నిమిషాల్లో పీహెచ్ మీటరు చెప్పే సంగతి కోసం ఖరీదైన కణజాలాన్ని తగలేసినవాళ్లను చూశాను.

మొదట చర్మపు మంట టెస్టును స్థిరపరచుకో. ఓఈసీడీ (పరీక్షా పద్ధతులకు మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) 439వ మార్గదర్శకం ప్రకారం, మనిషి చర్మకణాల నుంచి పెంచిన పైచర్మం మీద పదార్థాన్ని ఆ పెంచిన చర్మపు రకానికి నిర్ణయించినంత సేపు ఉంచి, కడిగి, 42 గంటలు ఇంక్యుబేటర్‌లో పెట్టి, ఆ తరువాత ఎంటీటీ అనే రంగు పదార్థపు ద్రావణంలో 3 గంటలు నాననిస్తారు. బతికి ఉన్న కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగుకు మారుస్తాయి. ఆ రంగును ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లోకి దింపి కొలిచినప్పుడు బతికినవి 50 శాతమో అంతకు తక్కువో అయితే అది చర్మాన్ని మండించే పదార్థమే. చదవడానికి ఇంత సులువుగా ఉన్నా, చేసేటప్పుడు టెస్టు గెలిచేదీ ఓడేదీ కడిగే దగ్గరే. ఒక్కో పదార్థానికి వాడే మూడు కణజాలాలకూ నిమిషం ఎడంతో వేసినప్పుడు, నిమిషం ఎడంతోనే, అదే వరుసలో, అదే చేత్తో కడగాలి. ధార మెల్లగా ఉంటే జిడ్డు మిగిలిపోతుంది, జోరుగా ఉంటే కణజాలం అంచు లేస్తుంది. నీ టెక్నీషియన్లు ఈ ధారను వారం రోజులు ఉత్త బఫర్‌తోనే సాధన చేయాలి.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి పసుపు, ఉసిరి ఎక్కువగా కలిపిన సున్నిపిండి ముద్ద పరీక్షకు వచ్చింది. కణాలు తొంభై శాతానికి పైగా బతికాయని తేలగానే మంట లేదని డ్రాఫ్టు రాసేశాను. క్వాలిటీ విభాగంలోని ఒక కుర్రవాడు వచ్చి, ‘సార్, చచ్చిన కణజాలం మీద దీన్ని వేసి చూశారా?’ అని అడిగాడు. చూడలేదు. గడ్డకట్టించి చంపిన కణజాలం మీద వేసి చూస్తే అక్కడా ఊదా రంగు వచ్చింది. ఉసిరిలోని విటమిన్ సి లాంటివి కణాల ప్రమేయం లేకుండానే ఎంటీటీని రంగు మారుస్తాయి, పసుపు తన రంగును దానికి జోడిస్తుంది. మన వనమూలికల సరుకులో ఈ రెండు పేచీలూ తరచుగా ఉంటాయి కనుక, ప్రతి శాంపిల్‌నూ ముందు ఉత్త ఎంటీటీలోనూ, నీటిలోనూ, ఐసోప్రొపనాల్‌లోనూ కలిపి చూడు. అనుమానం వస్తే చంపిన కణజాలం కంట్రోల్ తప్పనిసరి. రంగు మరీ గాఢమైతే హెచ్‌పీఎల్‌సీతో (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంతో) కొలవడానికి మార్గదర్శకమే అనుమతిస్తుంది.

సొంత శాంపిళ్ల జోలికి పోకముందు, ఆ మార్గదర్శకంలోనే ఇచ్చిన పది తెలిసిన పదార్థాలను పరీక్షించి సరైన జవాబులు రాబట్టాలి. మేనేజ్‌మెంట్ తొందరపెట్టినా ఈ మెట్టును దాటవేయవద్దు. కణజాలం విదేశం నుంచి తెప్పిస్తే దానికి ఆయుష్షు కొద్ది రోజులే కనుక, విమానాశ్రయంలో కస్టమ్స్ సెలవుల్లో చిక్కుకోకుండా ఆర్డరు పెట్టు. పెట్టె తెరవగానే ఐసు మిగిలిందో లేదో, కణజాలం కింద గాలి బుడగలు చేరాయో లేదో చూసి రిజిస్టరులో రాయించు.

కంటి టెస్టుకు కోడికళ్ల పద్ధతిని చిన్నచూపు చూడకు. తినడానికి కోసిన కోళ్ల తలలను రెండు గంటల్లోపు ల్యాబుకు చేర్చి, కన్ను తీసి, ఫ్లోరసీన్ అనే రంగు చుక్కతో కంటి పై పొర చెక్కుచెదరలేదని చూసుకున్నాక, పదార్థాన్ని పది సెకన్లు ఉంచి సెలైన్‌తో కడిగి, నాలుగు గంటల దాకా వాపునూ మసకనూ కొలుస్తారు. కోళ్ల దుకాణం మనకు ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనిది తలలను రెండు గంటల్లో తెచ్చే నమ్మకమైన మనిషి.

అలర్జీ పరీక్షల్లో ఏ ఒక్క టెస్టునూ నమ్మకు. 2021లో వచ్చిన ఓఈసీడీ 497వ మార్గదర్శకంలోని ఒక పద్ధతి మూడు టెస్టుల్లో ఏ రెండు కలిస్తే ఆ మాటను లెక్కలోకి తీసుకుంటుంది.

స్పాన్సర్‌తో (పరీక్ష చేయించుకునే కంపెనీతో) మాట్లాడేటప్పుడు రిపోర్టు ఏ దేశపు అధికారుల కోసమో ముందే అడుగు. మన దేశంలో 2014 నుంచి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధం. కొత్త మందుల నియమాలు 2023 సవరణతో జంతురహిత పద్ధతులకు చోటిచ్చాయి. అయినా నెలల తరబడి వాడే మందు ప్రభావాన్నీ, గర్భంలోని బిడ్డ మీద ప్రభావాన్నీ పూర్తిగా తేల్చే జంతురహిత టెస్టు ఇంకా లేదు. ‘ఇది మా ల్యాబులో తేలదు’ అని చెప్పడానికి మొహమాటపడకు.

ఇంకొక ఇబ్బందికరమైన మాట. కణాలను పెంచే ద్రావణంలో పోసే సీరం కడుపులోని దూడ రక్తం నుంచి తీసిందే. ఆ సీసా ఫ్రిజ్‌లో ఉంచుకుని మా ల్యాబు జంతురహితమని బోర్డు పెట్టడం నాకు మింగుడుపడదు. వీలైన చోటల్లా సీరం లేని ద్రావణాలకు మారు. మారేదాకా ఆ బోర్డు పెట్టకు.

ఎస్‌ఓపీ (టెస్టు చేసే తీరును అంచెలంచెలుగా రాసే పత్రం) డ్రాఫ్టు పంపితే ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. ముందు చూసేది చంపిన కణజాలం పేజీనే.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు