సినిమా పారితోషికంలో కోసిన 10 శాతం టీడీఎస్ పోయినట్టేనా?

పోదు, అది మీ పేరున ముందే కట్టిన పన్ను, ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే లెక్కకొస్తుంది. ఒకే నిర్మాణ సంస్థ ఏడాదిలో ఇచ్చే ఫీజు 50,000 దాటితే (2025 ఏప్రిల్‌కి ముందు 30,000) 10 శాతం కోయాల్సిందే. పాన్ ఇవ్వకపోతే 20.

భీమిలిలో షూటింగ్, 12 రోజులు, రోజుకి 5,000 అనుకోండి. మాట్లాడుకున్నది 60,000, ఖాతాలో పడేది 54,000. కొత్త పన్ను విధానంలో ఏడాది ఆదాయం మొత్తం 12 లక్షల లోపైతే ఆ 6,000 పూర్తిగా వెనక్కొస్తుంది. సంస్థవాళ్లు పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టినా మీ లెక్కలో కనిపించదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రిటర్న్‌కి ముందే ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుని, వాళ్లచేతే సరిచేయించాలి.

‘టీడీఎస్ కోశారుగా, రిటర్న్ ఎందుకు?’ అనుకోవడం పొరపాటు. విశాఖ కళాభారతి ఆడిటోరియంలో నాటకమాడి చేతికందుకున్న 3,000కి కోత లేకపోయినా, అదీ ఆదాయమే.